మూడో పిలుపు

దేవుళ్లు గొంతెత్తాడంటే బస్టాండులో ఎలమంచిలి బస్సెక్కినవాడు కూడా తన పేరే అనుకొని దిగిపోతాడని నర్సీపట్నంలో చెప్పుకొనేవారు. అందులో కోతలు కొన్ని లేకపోలేదు. కానీ కోర్టు గుమ్మంలో నిలబడి అతను పేరు పిలిస్తే, వీధవతల టీ బడ్డీ దగ్గరున్న కక్షిదారు గ్లాసు బల్లమీద పెట్టేసి పరుగెత్తుకు రావడం మాత్రం అందరూ చూసిందే. కోర్టు బంట్రోతు ఉద్యోగంలో ఉన్న గొప్పంతా ఆ పిలుపులోనే ఉందని దేవుళ్లు నమ్మకం. మిగతాదంతా ఫైళ్లు మొయ్యడం, సిరాబుడ్లు నింపడం, చెప్పుల చప్పుడు వినగానే లేచి నిలబడడం. పేరు పిలిచేటప్పుడు మాత్రం కోర్టు తన నోటితో మాట్లాడుతుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. కొంచెం ఎక్కువగానే తెలుసు.

ఆ సోమవారం పొద్దున్న దేవుళ్లు ఇంటి అరుగుమీద కూర్చొని, అరచేతిలో రెండు మాత్రలు పెట్టుకొని చూస్తున్నాడు. చిన్నవి, తెల్లటివి, పైన తియ్యటి పూత పూసినవి. భార్య రామాయమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

“డాక్టరుబాబు పూటకొకటే గదా ఏసుకోమన్నాడు. రెండు తీసేవేటి?” అంది.

“ఈయేళ ఫారెస్టు కేసులున్నాయి. వసారా అంతా జనమే. మజ్జినేళ మాత్ర ఏసుకోడానికి తీరికుండదు. రెండూ ఇప్పుడే ఏసెస్తే సరి.”

“అలగైతే నీళ్లన్నా సరిగ్గా తాగు. నోరెండిపోతాది, నీళ్లు మానకు అని మరీ మరీ సెప్పినాడు.”

“నీళ్లు తాగి మళ్లీ పరిగెత్తడానికైతే ఈ మాత్రెందుకే?” అన్నాడు దేవుళ్లు. ఆ ప్రశ్న అతనికే చాలా తెలివైనదిగా తోచింది. ఒక్క గుక్కతో రెండు మాత్రలూ మింగి, చెంబులో మిగిలిన నీళ్లు జామచెట్టు మొదట్లో పోసేశాడు.

అతని బాధ అతనిది. ఒంటికి వెళ్లాలనిపించడమే తడవు, ఇక కాలు నిలవనివ్వదు. తీరా వెళితే పట్టుమని పావు గ్లాసుండదు. తిరిగొచ్చి భుజంమీద డవాలీ సర్దుకొని, దాని ఇత్తడి బిళ్ల గుండెల మీదికి వచ్చేలా నిలబడేలోగా మళ్లీ మొదలు. సుగరేమోనని హడలిపోయాడు. పరీక్ష చేస్తే సుగరు లేదు. “నీ సంచికి తొందరెక్కువ దేవుళ్లూ. నిండకుండానే నిండిపోయానని గోల పెడుతుంది. దాన్ని నెమ్మదింపజెయ్యడానికి ఈ మాత్ర. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు” అన్నాడు డాక్టరు రమణబాబు. డాక్టరు అలాగే అంటాడు. అంతకుముందు ఒకనాడు మేజిస్ట్రేటుగారు గంట కొడితే పలికే నాథుడు లేక, బెంచి గుమాస్తా భానుమూర్తిగారు వెనక గుమ్మంలోకి వచ్చి, “ఏవయ్యా, కాపురం దొడ్డి గోడవతలకి మార్చేశావా?” అని కేకేస్తే ప్లీడర్లంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వు డాక్టరు వినలేదు గదా. మర్నాడు మేజిస్ట్రేటు సోమసుందరంగారు పిలిపించి, నవ్వకుండానే, “ఇంకొకసారి నీ స్థానం విడిచావంటే నిన్ను రాత్రి కాపలాకి మార్చవలసి వస్తుంది” అన్నారు. ఆ నవ్వు కంటే ఈ నవ్వకపోవడం ఎక్కువ గుచ్చుకుంది. రాత్రి కాపలావాడు ఎవర్ని పిలుస్తాడు?

మాత్రలు మొదలుపెట్టాక కష్టం సగానికి సగం తగ్గిన మాట నిజం. ఒకటికి రెండు వేస్తే పూర్తిగా తగ్గిపోతుందని అతను లెక్క కట్టాడు.

ఆ రోజుల్లో కోర్టు ఒక పాత పెంకుటింట్లో అద్దెకుండేది. వీధి వసారాలో కక్షిదారులు, నట్టింట్లో న్యాయం, వెనకగదిలో కాగితాలు. దొడ్డి చివరికంటా వెళితే, కూలిపోగా మిగిలిన మొండిగోడ ఒకటి, దాని అవతల తుప్పలు. ఆడైనా మగైనా, ప్లీడరైనా ముద్దాయైనా, అవసరమొస్తే ఆ గోడే దిక్కు. మేజిస్ట్రేటుగారికి మాత్రం ఆయన గదిలోనే ఏర్పాటుంది. ఆయన లేస్తే కోర్టంతా లేచి నిలబడుతుంది, తిరిగొచ్చి కూర్చుంటే కోర్టంతా కూర్చుంటుంది. మిగతావాళ్లు లేచి వెళితే కోర్టు ఆగదు.

దేవుళ్లు వసారా ఊడిపించి, బల్లలు తుడిచి, కలాల్లో సిరా పోసి వచ్చేసరికి కిటికీ కింద ఒక కొండ మనిషి గోడకానుకొని కూర్చొని ఉంది. ముక్కున రెండు పక్కలా నత్తులు, మోకాళ్లమీదికి కట్టిన ముతక చీర, పక్కన చిన్న మూట. కొయ్యూరు అవతల గూడెం నుంచి తొలి బస్సు పట్టుకోవడానికి చీకటితోనే కొండ దిగి వచ్చిందట. పేరు పాంగి గున్నమ్మ. ఇంటికి గుంజలు కావాలని రెండు చెట్లు కొట్టినందుకు ఫారెస్టు గార్డు కేసు రాశాడు. జామీనుమీద ఉంది. ప్లీడరు లేడు.

“నా పేరెప్పుడొస్తాది బాబూ?” అంది.

“వొచ్చినప్పుడొస్తాది. ఇక్కడే కూకో” అన్నాడు దేవుళ్లు.

కూర్చుంది. పదకొండు దాటింది. లోపల ఒక దొమ్మీ కేసులో సాక్షి నీళ్లు నములుతున్నాడు. గున్నమ్మ అటూ ఇటూ కదిలింది, కాళ్లు ముడుచుకుంది, మళ్లీ చాపింది. ఆ కదలిక ఏమిటో దేవుళ్లుకి ఒకరు చెప్పనక్కర్లేదు. చివరికి లేచి వచ్చి, చెంగు నోటికడ్డం పెట్టుకొని, అతనికొక్కడికే వినబడేలా అంది.

“బయిటికెళ్లాల బాబూ. పొద్దుటేళ నుంచి ఆపుకున్నాను. ఈలోగా నన్ను పిలిసెస్తే?”

“ఎళ్లిరావే. నేను పిలిస్తే గోడవతలకేటి, బలిఘట్టం దాకా ఇనబడతాది.”

ఆ మాటకి గున్నమ్మ ముఖం విచ్చుకుంది. మూట అక్కడే వదిలేసి గబగబా దొడ్డివైపు నడిచింది.

ఆవిడ అటు వెళ్లిందో లేదో, లోపల సాక్షి కళ్లు తిరుగుతున్నాయని కూలబడ్డాడు. దొమ్మీ కేసు వాయిదా పడింది. సోమసుందరంగారు గడియారం చూసుకొని, “తరువాతిది” అన్నారు. భానుమూర్తిగారు కట్టమీది చీటీ ఎత్తి పట్టుకున్నారు. దేవుళ్లుకి ఆ అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడ్డాయి. ఒకసారి కళ్లు నులుముకున్నాడు.

“పాంగి గున్నమ్మ. పిలూ” అన్నారు భానుమూర్తిగారు.

దేవుళ్లు గుమ్మంలోకి వచ్చాడు. ఛాతీ నిండా గాలి పీల్చి నోరు తెరిచాడు. నాలుక అంగిటికి అంటుకుపోయి ఉంది. దాన్ని ఊడదీసుకొని పిలిస్తే, గొంతులోంచి వచ్చింది అతని గొంతు కాదు. ఎండుటాకు తొక్కినప్పటి చప్పుడు. వసారాలో ముందు వరసలో కూర్చున్నవాళ్లు మాత్రం తలెత్తారు. ఉమ్మి మింగబోయాడు, మింగడానికి ఏమీ లేదు. రెండోసారి పిలిచాడు. పేరు సగంలో విరిగిపోయింది. ఎప్పుడూ రెండో పిలుపుకీ మూడోదానికీ మధ్య కాస్త ఆగుతాడు, ఎవరైనా పరుగున వస్తున్నారేమోనని చూస్తాడు. ఆ రోజు లోపలినుంచి “ఏమయ్యా?” అన్నారు సోమసుందరంగారు. కంగారుపడి మూడోది కూడా పిలిచేశాడు. అది తనకే సరిగ్గా వినబడలేదు.

“హాజరు లేదండి” అన్నారు భానుమూర్తిగారు.

ఉందండీ, గోడవతలకి వెళ్లిందండీ, ఒక్క నిమిషం అని దేవుళ్లు చెప్పబోయాడు. నోరైతే తెరిచాడు. మాట రాలేదు. మాట రానిది మాత్ర వల్లా, లేక ఇంతమంది ప్లీడర్ల ముందు మళ్లీ ఆ గోడ ఊసు ఎత్తడం ఇష్టం లేకా అంటే, రెండూ కలిసే. అతను నాలుక తడుపుకొనేలోగా సోమసుందరంగారి కలం వారెంటని రాసి ముందుకు వెళ్లిపోయింది.

గున్నమ్మ వచ్చి తన మూట పక్కన తాను కూర్చుంది. గోడ దగ్గర మగవాళ్లుంటే వాళ్లు వెళ్లేదాకా తుప్పల పక్కన నిలబడిపోయిందట. తన పేరు వచ్చి వెళ్లిపోయిందని ఆవిడకేం తెలుసు? నిశ్చింతగా దేవుళ్లు ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం కోర్టు లేచాక దేవుళ్లు భానుమూర్తిగారి బల్ల దగ్గర నిలబడ్డాడు.

“అయ్యా, ఆ కొండ మనిషి వొచ్చిందండి. వసారాలోనే ఉందండి.”

“వస్తే? వారెంటు రాసేశారు. రద్దు చెయ్యమని పిటిషను పడాలి, దానికి ప్లీడరుండాలి. అయినా నువ్వు మూడుసార్లూ పిలిచావా, లేదా?” భానుమూర్తిగారు కేరేజీ మూత తీస్తూ అడిగారు.

“పిలిచానండి.”

“ఇంకేటి మరి?”

ఇంకేముందో దేవుళ్లు చెప్పలేదు. చెబితే గొంతేమయిందని అడుగుతారు. గొంతు సంగతి చెబితే మాత్రల సంగతి చెప్పాలి, మాత్రల సంగతి చెబితే రాత్రి కాపలా. సాయంత్రం వసారా ఖాళీ అయిపోయాక కూడా గున్నమ్మ అక్కడే ఉంది.

“నా పేరు పిలవనేదేటి బాబూ?”

“ఈయేళ లేదు. ఎళ్లిపో. మళ్లీ కబురొస్తాది” అన్నాడు దేవుళ్లు, డవాలీ విప్పుకుంటూ, ఆవిడ వైపు చూడకుండా.

“ఎవరు తెస్తారు బాబూ కబురు?”

“వొస్తార్లే. ఆకరి బస్సెళిపోతాది, బేగి ఎళ్లు.”

ఆవిడ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. మూట నెత్తిన పెట్టుకొని బస్టాండు వైపు పరుగులాంటి నడకతో పోయింది. ఆ దణ్ణానికి దేవుళ్లుకి ఒళ్లు మండింది. ఎవరిమీదో తెలియలేదు. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. నోరెండి దిగలేదనుకొంది రామాయమ్మ. మజ్జిగ పోసింది. అదీ దిగలేదు.

మర్నాడు మాత్ర వేసుకోలేదు. బుధవారమూ వేసుకోలేదు.

“ఏటి, డాక్టరు మానీమన్నాడా?” అని అడిగింది రామాయమ్మ.

“నేనే మానీసినాను.”

“మరి మళ్లీ మొదలెడితే?”

“మొదలెట్టనీ.”

మొదలెట్టింది. గొంతు కూడా తిరిగొచ్చింది. బుధవారం ఎస్. రాయవరం నుంచి వచ్చిన ఒక రైతును పిలిస్తే ఆ రైతు కాదు గాని, రోడ్డుమీద పోతున్న అదే పేరుగల ఇంకొకాయన సైకిలు దిగి లోపలికి వచ్చాడు. ప్లీడర్లు నవ్వి, “దేవుళ్లు గొంతు దేవుళ్లుకి వచ్చేసిందిరా” అన్నారు. పొగిడితే పొంగిపోయే మనిషి ఆ పూట పొంగలేదు. తుప్పల పక్కన ఒదిగి నిలబడ్డ ఆడమనిషే కళ్లముందు మెదులుతోంది. గొంతుతో పాటు ఆ బాధ కూడా తిరిగొచ్చి, నాలుగు కేసులకొకసారి వెనక గుమ్మం వైపు చూడాల్సి వస్తోంది. పళ్లు బిగించి, ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. గున్నమ్మ కూడా ఆ పొద్దున్న ఇలా ఎంతసేపు ఓర్చుకుందో అనుకున్నాడు.

గురువారం పది దాటాక పోలీసులు గున్నమ్మని తీసుకొచ్చారు. రాత్రి ఠాణాలో ఉంచారట. మూట లేదు. ఆరేళ్ల కూతుర్నీ, నాలుగేళ్ల కొడుకునీ పక్కింటి సోమలమ్మకి అప్పగించి, ఎందుకో ఏమిటో తెలియకుండానే జీపెక్కిందట. బోనులో నిలబెడితే ఆవిడ కళ్లు నేరుగా దేవుళ్లు మీదికే వెళ్లాయి. కోపం లేదు. తెలిసిన మనిషి ఒకడున్నాడన్న ధైర్యంతో చూసింది. దేవుళ్లు తల దించుకున్నాడు.

సోమసుందరంగారు చెడ్డమనిషి కాదు. మద్రాసులో పుట్టి అక్కడే చదువుకొన్నారు. ఆయన తెలుగు పుస్తకాల్లోంచి వచ్చిందే గాని వీధుల్లోంచి వచ్చింది కాదు.

“అమ్మా, సోమవారం నీ కేసు పిలిచినప్పుడు నువ్వెందుకు హాజరు కాలేదు?”

“వొచ్చినాను బాబూ.”

“వస్తే పిలిచినప్పుడు ఎక్కడున్నావు?”

గున్నమ్మ చుట్టూ చూసింది. ఎటు చూసినా మగవాళ్లే. చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

“బయిటికెళ్లినాను బాబూ.”

“బయటికా? కోర్టు విడిచి బయటికి ఎందుకు వెళ్లావు?”

ఏమని చెబుతుంది? బయటికంటే బయటికే. ఇంకెలా చెప్పాలో ఆవిడకి తెలియదు. తెలిసినా ఇంతమందిలో చెప్పదు. సర్కారు తరపు ప్లీడరు సోమయాజులుగారు లేచారు.

“ముద్దాయి తానే ఒప్పుకొంటోందండి, కోర్టు విడిచి వెళ్లిపోయానని. ఇలాంటివాళ్లని వదిలితే మళ్లీ కొండెక్కిపోతారు. కేసు తేలేదాకా సబ్‌జైల్లో ఉంచడమే మంచిది.”

భానుమూర్తిగారి కలం ఇంగ్లీషులో ఆ మాటే రాస్తోంది. ఆ ఊరివాళ్లందరికీ గున్నమ్మ ఏం చెప్పిందో తెలుసు. ఒకరిద్దరు కుర్ర ప్లీడర్లు గడ్డం రుద్దుకుంటూ నవ్వు దాచుకున్నారు. చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. అంత చదువుకొన్నవాళ్లు ఆ మాట ఎలా అంటారు?

దేవుళ్లు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పొత్తికడుపు కింద ఆ పాత తొందర అప్పుడే తలెత్తుతోంది. ఆవిణ్ని జైలుకు పంపితే పిల్లలెన్నాళ్లు సోమలమ్మ ఇంట్లో ఉంటారు? అతను రెండడుగులు ముందుకు వేశాడు. కోర్టు నడుస్తుండగా బంట్రోతు పిలవకుండా బల్ల దాకా రావడం ఎప్పుడూ లేదు.

“అయ్యా, తమరు మన్నించాలి. బయటికెళ్లడమంటే ఆవిడ కోర్టొదిలి ఎళ్లిపోడం కాదండి. ఒంటికెళ్లడమండి.”

నవ్వు ఇక ఆగలేదు. ఆ మూల నుంచి ఈ మూలకి పాకింది. సోమసుందరంగారి ముఖం జేవురించింది. ఆయన బల్లమీద ఒక్కసారి తట్టారు.

“అంతేనా అమ్మా?” అన్నారు గున్నమ్మతో. ఆవిడ చెంగు ఇంకా పైకి లాక్కొని తల ఊపింది. “మరి ఇంతమంది ఉన్నారు. ఎవరూ చెప్పరేం?” అన్నారాయన, ప్లీడర్ల వైపు చూస్తూ.

సోమయాజులుగారు సర్దుకున్నారు.

“అదే నిజమనుకుందామండి. దొడ్లో గోడ దాకానే గదా వెళ్లింది. మన దేవుళ్లు గొంతు తమకి తెలియనిదేం కాదు. నిన్న అతను పిలిస్తే రోడ్డున పోయేవాడు సైకిలు దిగొచ్చాడు. మూడుసార్లు అలా పిలిచినా గోడవతల మనిషికి వినబడలేదంటే ఎవరు నమ్ముతారు? విని కూడా రాలేదన్నమాట.”

దేవుళ్లు ఏ గొంతు చూసుకొని మురిసిపోయాడో ఆ గొంతే ఆవిడ మెడకి చుట్టుకుంటోంది. అవునండి, నా గొంతు అంతటిదేనండి అని ఊరుకుంటే అతనికి ఏ చిక్కూ లేదు. ఉద్యోగమూ ఉంటుంది, పేరూ ఉంటుంది. గున్నమ్మని సబ్‌జైలుకు తీసుకుపోతారు.

“నిజమే” అన్నారు సోమసుందరంగారు. “దేవుళ్లూ, సోమవారం ఎలా పిలిచావో అలాగే ఒకసారి పిలువు. వింటాను.”

దేవుళ్లు గుమ్మం వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఇప్పుడు పిలిస్తే ఊరంతా వినబడుతుంది. కావాలని నీరసంగా పిలిస్తే అదో నాటకం. వెనక్కి తిరిగాడు.

“అలాగ పిలవాలంటే ముందు మాత్రలేసుకోవాలండయ్యా.”

“ఏం మాత్రలు?”

చెప్పాడు. ఒంటికి ఆగకపోవడం, డాక్టరు దగ్గరికి వెళ్లడం, పూటకొకటని రాస్తే తాను తెలివికొద్దీ రెండు మింగడం, నీళ్లు తాగమంటే చెట్టుకి పోయడం, అన్నీ చెప్పాడు. “నోరు పిడచకట్టేసి గొంతు లేవలేదండి. మూడోసారి నేను పిలిచింది నాకే ఇనబళ్లేదండి. అసలు ఆవిడ అటెళ్తున్నట్టు నాతో సెప్పే ఎళ్లిందండి. నేను పిలిస్తే బలిఘట్టం దాకా ఇనబడతాది, ఎళ్లిరమ్మన్నాను. తమరు వారెంటు రాస్తున్నప్పుడు సెప్పాల్సింది. సెప్పనేదు. సాయంత్రం ఆవిడ అడిగితే కూడా సెప్పనేదు, ఎళ్లిపొమ్మన్నాను. తప్పంతా నాదండి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. కుర్ర ప్లీడరొకడు మొదలుపెట్టి, తోడు దొరక్క మానేశాడు. దేవుళ్లు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. చెప్పాల్సింది చెప్పేశాక, ఇంతసేపూ పళ్ల బిగువున ఆపుకొన్నది ఇక ఒక్క క్షణం కూడా ఆగేలా లేదు. డవాలీ కింద చొక్కా చెమటకి తడిసిపోయింది. కోర్టులో అందరి ముందూ తడిసేది చొక్కా ఒక్కటే కాకపోవచ్చని భయమేసింది.

“అయ్యా” అన్నాడు. “ఇప్పుడు కూడా అదేనండి. తమరు సెలవిస్తే...”

సోమసుందరంగారు చేత్తో వెనక గుమ్మం చూపించారు.

“వెళ్లిరా” అన్నారు.

దేవుళ్లు వెనక గుమ్మం లోంచి వెళ్లాడు. పరుగెత్తలేదు, పరుగెత్తితే అక్కడే అయిపోతుంది. గోడ దాటి, తుప్పల పక్కన నిలబడి, కళ్లు మూసుకున్నాడు. అవతల రోడ్డుమీద లారీ ఏదో గేరు మారుస్తోంది, చెట్టుమీద కాకులు కొట్టుకుంటున్నాయి. ఇక ఈ డవాలీ సాయంత్రానికి విప్పి ఇచ్చెయ్యడమే అనుకున్నాడు. ఏడుపొచ్చింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కొని, ముఖం కడుక్కొని, ఇన్నాళ్లకి దోసిట్లో నీళ్లు పట్టుకొని కడుపారా తాగి, లోపలికి వచ్చాడు.

లోపల అందరూ అతన్నే చూస్తున్నారు. వాదన లేదు, కాగితాల చప్పుడు లేదు. సోమసుందరంగారు కలం కింద పెట్టి కూర్చొని ఉన్నారు. వీధి గుమ్మంలో, రోజూ దేవుళ్లు నిలబడే చోట, భానుమూర్తిగారు నిలబడి ఉన్నారు.

“ఎందుకు ఆలస్యమైంది దేవుళ్లూ?” అన్నారు సోమసుందరంగారు.

“లేదండి. అయిపోగానే వొచ్చెసినానండి.”

“నిన్ను పిలిపించాను.”

దేవుళ్లుకి అర్థం కాలేదు. భానుమూర్తిగారి వైపు చూశాడు. భానుమూర్తిగారు కొంచెం ఇబ్బందిగా కళ్లజోడు సర్దుకున్నారు. “మూడుసార్లు పిలిచానయ్యా. నాకున్న గొంతుతోనే పిలిచాను. వినబళ్లేదా?” అన్నారు.

“లేదండి” అన్నాడు దేవుళ్లు. “నా పేరు ఇనబళ్లేదండి.”

సోమసుందరంగారు కలం తీసుకున్నారు. సోమయాజులుగారు లేవబోయి, మళ్లీ కూర్చున్నారు. వారెంటు రద్దయింది. గున్నమ్మ పాత జామీనుమీదనే ఉండొచ్చని, వచ్చే నెల వాయిదాకి రమ్మని ఆయన చదివారు. తరువాత తలెత్తకుండానే, “నీ సంగతి రేపు మాట్లాడతాను. డాక్టరు చీటీ పట్టుకురా” అన్నారు దేవుళ్లుతో. ఆ గొంతులో కోపమూ లేదు, అభయమూ లేదు.

కానిస్టేబులు పక్కకి తప్పుకోగానే గున్నమ్మ బోను దిగి, కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు వసారాలోకి వచ్చింది. తనని వదిలేశారని ఆవిడకి ఇంకా నమ్మకం కుదరలేదు. దేవుళ్లు తరువాతి కేసు చీటీ పట్టుకొని ఆవిడ వెనకే గుమ్మంలోకి వచ్చాడు. ఏదో ఒకటి అంటుందని, తిడితే పడదామని సిద్ధపడ్డాడు. ఆవిడ తిట్టలేదు. తప్పు చేసినదానిలాగా గొంతు తగ్గించి అంది.

“పైవాయిదాకి ముందురోజు కాణ్నుంచి నీళ్లు ముట్టను బాబూ. ఈ గుమ్మంకాణ్నుంచి కదల్ను. పిలిసినేళకి పలుకుతాను.”

వచ్చే వాయిదాకి ఈ గుమ్మంలో తాను ఉంటాడో, రాత్రి కాపలాకే పోతాడో దేవుళ్లుకే తెలియదు. లోపలినుంచి భానుమూర్తిగారు తొందరపెడుతున్నారు. అయినా చీటీ చేత్తో పట్టుకొనే నిలబడ్డాడు.

“తప్పమ్మా. కడుపునిండా తాగే రా” అన్నాడు. “బయటికెళ్లాలంటే నాతో సెప్పి ఎళ్లు. నువ్వు తిరిగొచ్చేదాకా నీ పేరు నా నోట్లోంచి రాదు.”